ఆ మధ్యాహ్నం ఇవ్వని కరెంటు

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు యాప్రాల్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఎప్పుడైనా షాక్ కొట్టిందా సార్ అని అడుగుతారు. కొట్టలేదు. పనిచేసినన్నాళ్లూ ఆ గదిలో నన్ను ప్యానెల్ మీది స్విచ్చులకన్నా బల్ల మీది ఫోనే ఎక్కువ భయపెట్టింది. ఎందుకో చెప్పాలంటే ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. దాన్ని ఇంతవరకు అక్కడక్కడ ముక్కలుగా చెప్పాను. మొత్తంగా చెప్పడం ఇదే మొదలు. సంబంధించిన మనిషి రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు.

మా సబ్‌స్టేషన్ మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉండేది. నేను చేరినప్పుడు చుట్టూ ద్రాక్ష తోటలు, కోళ్ల ఫారాలు. దిగిపోయేనాటికి తోటల జాగాలో ప్లాట్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. కోళ్ల ఫారాలు కొన్ని మిగిలాయి. గాలి దక్షిణం నుంచి తిరిగిందంటే జవహర్‌నగర్ చెత్త వాసన కిటికీలోంచి వచ్చేది. దానికి అలవాటుపడ్డాం.

ఆ మధ్యాహ్నం అర్థం కావాలంటే మా పనిలో ఒక్క పద్ధతి తెలిస్తే చాలు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మాకు ఫోన్ చేసి ఎల్‌సీ అడుగుతాడు. అంటే, ఈ తీగలో కరెంటు తీసేయండి, నేను చెప్పేదాకా ఇవ్వకండి అని. మేం ఆ లైన్ ఆపి, తాళం వేసి, అతనికి ఒక నంబరు ఇస్తాం. పని అయ్యాక అతనే ఫోన్ చేసి, ఆ నంబరు చెప్పి, అందరం దిగాం అని చెప్పి ఎల్‌సీ తిరిగి ఇస్తాడు. అప్పుడు కరెంటు ఇస్తాం. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. పై అధికారి చెప్పినా చెల్లదు. స్తంభం మాకు కనపడదు, మనిషీ కనపడడు. దిగాను అన్నవాడు దిగే ఉంటాడని నమ్ముతాం. ఆ విషయంలో అబద్ధం చెప్పే లైన్‌మన్ ఒకడు ఉంటాడని ఆ పద్ధతి పెట్టినవాళ్లకు తోచలేదు. నాకూ తోచలేదు.

మా సెక్షన్‌లో ఒక లైన్‌మన్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి. శామీర్‌పేట పక్క ఊరు. క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు, మిగతా రోజులు స్తంభాలెక్కేవాడు. పని అయ్యాక ఫోన్ చేసి, "అన్నా, దిగిన. చాయ్ పెట్టు" అనేవాడు. ఆ రెండు ముక్కలే. వాటి వెనకాల ఎప్పుడూ బండ్ల చప్పుడో, కోళ్ల ఫారం గోలో, తనతో పనిచేసే జోడీ తిట్లో వినపడేవి. ఆ జోడీ లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. ఇద్దరూ ఒకే బండి మీద తిరిగేవాళ్లు.

ఒక వానాకాలం ఆ లైన్‌మన్ స్తంభం మీద నుంచి జారాడు. బెల్టు ఆపింది. భుజం మాత్రం పట్టేసింది. కట్టు కట్టారు, తగ్గింది, డ్యూటీకి వచ్చాడు. మేమంతా దాంతో అయిపోయిందనుకున్నాం. కొన్నాళ్లకు జోడీ నాతో చాటుగా అన్నాడు.

"అన్నా, మనోడు పోల్ కాడ నిలబడి మీదికి చూసుకుంట ఉండిపోతాండు. చెయ్యి పెడ్తడు, తీస్తడు."

అని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు, అందరి ముందూ ఆటపట్టించాడు. "ఏందిర, పోల్‌కు దండం పెడుతున్నవా? కొబ్బరికాయ తేవాల్నా?" మొదట్లో ఆయనా నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఎదురు తిట్టడం కూడా మానేశాడు. మా దగ్గర ఒకడు తిట్టడం మానేస్తే పెద్దమనిషయ్యాడని అనుకుంటాం.

ఒకరోజు ఆయన భార్య టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో సబ్‌స్టేషన్‌కు వచ్చింది. ఆమె బడిలో ఆయా.

"అన్నా, ఆయన పండుకుంటలేడు. గోడకు ఒరిగి కూసుంటడు తెల్లారేదాక. ప్రార్థనకు రమ్మంటె గుడ్లురుముతడు. డోలక్ మీద దుమ్ము పేరుకున్నది. ఏంది అంటె ఏం లేదు అంటడు."

నేను ఆయన్ని పిలిచి అడిగాను. నడుము నొప్పి అన్నాడు. మా ఉద్యోగంలో నడుము నొప్పికి మర్యాద ఉంది. జ్వరానికి ఉంది. నిద్ర పట్టడం లేదు, భయమేస్తోంది అని చెప్పి సెలవు అడిగిన మగవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు. అంతమందిలో ఒక్కరికీ భయం వేయలేదని నమ్మడానికి నేను అంత అమాయకుణ్ణి కాను. నడుముకు బెల్టు కొనుక్కోమన్నాను. కొనుక్కున్నాడు కూడా.

అప్పుడు మేమంతా కలిసి ఒక మంచిపని చేశాం. ఆయనకు స్తంభాల పని చెప్పడం మానేశాం. మీటర్లు చూడమన్నాం, తీగలకు తగిలే కొమ్మలు కింద నిలబడి కొట్టించమన్నాం. మా సెక్షన్ ఇంజనీరు ఏఈ కుర్రవాడు, మంచివాడు. అతను కూడా సరేనన్నాడు. ఎవరూ ఎందుకని చెప్పలేదు, ఈయన ఎందుకని అడగలేదు. మేం దాన్ని దయ అనుకున్నాం. తనను తీసి పక్కన పెట్టారని ఆయన అనుకున్నాడు. ఇది నాకు తర్వాత తెలిసింది. నోరు విప్పకుండా చేసే దయతో ఇదే చిక్కు. అవతలివాడికి అది ఏ రూపంలో చేరుతుందో తెలియదు.

ఇక ఆ రోజు. ఎండాకాలం. ముందురోజు సాయంత్రం గాలివాన వచ్చి ఊళ్లల్లో కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. పొద్దున అందరూ సెక్షన్ ఆఫీసులో చేరి పనులు పంచుకొని మా సబ్‌స్టేషన్ మీదుగా వెళ్లారు. ఆయన గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. నెలల తర్వాత ముఖం తేటగా ఉంది. ఏఈని తనే అడిగాడట, "సార్, ఇయ్యాల నేను పోల్ ఎక్కుత" అని. ఏఈ సంతోషపడి, శామీర్‌పేట వైపు పోయే లైన్ ఇచ్చాడు.

జోడీ అయితే గంతులొక్కటే తక్కువ. "మావోడు వచ్చిండే! చచ్చినోడు లేసొచ్చినట్టు వచ్చిండు!" అని వీపు మీద చరిచాడు.

ఆయన తన కటింగ్ ప్లయర్ తీసి జోడీ చేతిలో పెట్టాడు. "ఉంచుకో. నీది మొద్దువారింది గద."

"మరి నీకు?"

"నేను కొత్తది తీసుకుంట."

లైన్‌మన్ తన ప్లయర్‌ను అన్నదమ్ముడికి కూడా ఇవ్వడు. అది నేను చూశాను. చూసి, మనిషి కోలుకున్నాడు, మనసు విశాలమైంది అనుకున్నాను. సంతోషంగా టీ తాగాను. నెలల తరబడి కుంగిపోయిన మనిషి ఉన్నట్టుండి తేలికపడి, తన వస్తువులు పంచిపెడుతుంటే భయపడాలని ఇప్పుడు నాకు తెలుసు. మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆయన ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు. లైన్ ఆపి నంబరు ఇచ్చాను. కాసేపటికి జోడీని, ఇన్సులేటర్ పగిలింది, ఆఫీసుకు పోయి ఇంకొకటి పట్టుకురా అని పంపించాడట. అది నాకు తెలియదు.

మళ్లీ ఫోన్ మోగింది.

"అన్నా, పని అయింది. రిటర్న్ తీస్కో." నంబరు చెప్పాడు. తప్పులేదు.

"అందరు దిగిన్రా?"

"ఆఁ, అందరం దిగినం."

"సరే."

చెయ్యి స్విచ్ వైపు పోయింది. తాళం తీశాను కూడా. అప్పుడు ఆయన అన్నాడు.

"అన్నా, థాంక్స్. నువ్వు మంచిగ చూసుకున్నవు నన్ను."

నా చెయ్యి ఆగింది. ఎల్‌సీ తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరూ థాంక్స్ చెప్పరు. అది కృతజ్ఞతలు చెప్పే పని కాదు. ఆ మాట తర్వాత ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేను విన్నాను. బండ్ల చప్పుడు లేదు. కోళ్ల గోల లేదు. జోడీ నోరు లేదు. గాలి ఉంది. ఫోన్ నిండా గాలి. రోడ్డు మీద నిలబడ్డ మనిషి ఫోన్‌లో అంత గాలి ఉండదు.

 

"యాడున్నవ్?" అన్నాను.

"కిందనే."

"బండి హారన్ కొట్టు."

 గాలి.

"హారన్ కొట్టు తమ్మీ, వింట."

"అన్నా, ఎందుకు సతాయిస్తున్నవ్? రిటర్న్ ఇచ్చిన గద. జల్దీ చార్జ్ చెయ్యి, పబ్లిక్ పరేషాన్ అయితాన్రు."

"నేను చెయ్య. అనుమానముంటె మనిషి వచ్చి సంతకం పెట్టాలె. రూలున్నది. నువ్వు నా ముందుకొచ్చి నిలబడి చెప్పు, అప్పుడు ఇస్త."

ఆ రూలు నిజంగానే ఉంది. పాతది. ఎవరూ వాడరు. ఆ రోజు దాన్ని పట్టుకొని వేలాడాను. తాళం మళ్లీ వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. చెయ్యి జేబు మీదే ఉంచుకున్నాను. ఎవరో లాక్కుపోతారన్నట్టు. గదిలో నేను ఒక్కణ్ణే.

బల్ల మీది రెండో ఫోన్ మోగింది. ఏఈ.

"ఏమైంది సార్, ఇంకా ఇవ్వలేదా? ఫంక్షన్ హాల్లో పెళ్లి నడుస్తోంది. కోళ్ల ఫారం ఆయన అరుస్తున్నాడు, ఫ్యాన్లు లేక కోళ్లు చస్తున్నాయంట. రిటర్న్ ఇచ్చానని లైన్‌మన్ మెసేజ్ కూడా పెట్టాడు నాకు."

"సార్, నాకు అనుమానం ఉంది. ఇవ్వను."

"దేనికి అనుమానం?"

దేనికో చెప్పలేకపోయాను. తప్పయితే? నిజంగానే ఆయన కింద నిలబడి, ఊరికే విసుక్కుంటున్నాడేమో. నేను ఆ మాట అంటే సాయంత్రానికి మేడ్చల్ దాకా పాకుతుంది. ఆయన్ని ఇక ఎవరూ స్తంభం దగ్గరికి రానివ్వరు. ఇంట్లో, చర్చిలో తల ఎత్తుకోలేడు. "నేను చెప్తాను సార్, కాసేపు ఆగండి" అన్నాను. ఏఈ విసుగ్గా, "మీరు ఇవ్వకపోతే అటు నుంచి ఇప్పిస్తా" అని పెట్టేశాడు.

అటు నుంచి. ఆ లైన్‌కు రెండో కొస ఇంకో సబ్‌స్టేషన్‌లో ఉంది. మా దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి కరెంటు ఇవ్వొచ్చు. నా జేబులో తాళంచెవి ఉన్నంత మాత్రాన ఆ తీగ చచ్చి ఉంటుందని హామీ లేదు.  

మొదటి ఫోన్ అలాగే ఒక చెవికి ఉంది. రెండోదాంతో ఆ సబ్‌స్టేషన్‌కు చేశాను. అక్కడ ఒక అమ్మాయి ఆపరేటర్. నేను ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు.

"అన్నా, మా సార్ ఇప్పుడే చెప్పిండు, ఇటు దిక్కు నుంచి ఇయ్యమని. ఇస్తున్న."

"ఇయ్యకు చెల్లే."

"ఎందుకన్నా? రిటర్న్ అయిందంట గద."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా అన్న తన ప్రాణం తనే తీసుకున్నాడు. చాలా ఏళ్ల కింద. ముందురోజు మా ఇంటికి వచ్చి, నా దగ్గర తీసుకున్న పుస్తకాలన్నీ తిరిగిచ్చి, థాంక్స్ రా అని వెళ్లాడు. మా ఇంట్లో దానికి గుండెపోటు అని పేరు పెట్టారు. చుట్టాలకు గుండెపోటు, పక్కింటివాళ్లకు గుండెపోటు. కొన్నేళ్లకు మాకు మేమే అలా చెప్పుకునేవాళ్లం. దుఃఖం ఒకటి, దాని మీద మోయాల్సిన అబద్ధం ఒకటి. ఆ అసలు మాటను నేను అప్పటిదాకా ఎవరి ముందూ పలకలేదు. నా భార్య ముందు కూడా.

ఆ అమ్మాయి "అన్నా, హలో" అంటోంది.

"తీగ మీద మనిషున్నడు," అన్నాను. "దిగిన అని అబద్ధం చెప్పిండు. సచ్చిపోదామని ఎక్కిండు అనిపిస్తాంది నాకు."

 ఆమె గొంతు మారింది.

"తాళంచెవి నా పిడికిట్ల పెట్టుకున్న అన్నా. మా సారొచ్చి నెత్తి మీద నిలబడ్డా ఇయ్య. నువ్వు ఆయనతోని మాట్లాడు. పో."

అప్పుడు మొదటి ఫోన్‌లోంచి ఆయన గొంతు వచ్చింది. నేను ఆ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. మొత్తం విన్నాడు.

"అన్నా, ఎవ్వరితోని అంటున్నవ్ గా మాట?"

చాటుగా అడగడానికి ఇక ఏమీ మిగల్లేదు. 

"తమ్మీ, నిజమేనా? సావాలనుకుంటున్నవా?"

గాలి. ఎంతసేపో నాకు తెలియదు. ఏదో ఒక శబ్దం కోసం చెవి నొప్పిపుట్టేలా ఫోన్ అదిమి పట్టుకున్నాను. పడిపోయిన శబ్దం వినపడుతుందేమోనని భయం. వినపడకుండా పోతుందేమోనని కూడా.

"ఊఁ," అన్నాడు.

ఆ ఒక్క అక్షరం తర్వాత ఆయన ఏడ్చాడు. నేను మాట్లాడలేదు. నాకు చేతనైన పని అది ఒక్కటే, ఊరుకొని వినడం. ఈలోపు నా సొంత ఫోన్‌లోంచి జోడీకి మెసేజ్ కొట్టాను.  "వెంటనె పోల్ కాడికి పో. ఒక్కడున్నడు." అంతే.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను.

"పడ్డప్పటి నుంచి. కండ్లు మూస్తె కిందికి పోతున్నట్టే ఉంటది. పోల్ సూస్తె కాళ్లు ఒణుకుతయి. పోల్ ఎక్కరాని లైన్‌మన్ ఎందుకన్నా? మీరే పక్కకు పెట్టిన్రు గద."

"పక్కకు పెట్టలే. చెప్పనీకి రాక గట్ల చేసినం. మరి ఇయ్యాల ఎట్ల ఎక్కినవ్?"

"ఇయ్యాల భయం లేకుండె. పొద్దుగాల లేసేసరికి లేదు. గందుకే ఎక్కిన."

ఆ మాట విన్నప్పుడు వేసిన భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు. మనిషిని స్తంభం మీద పట్టి ఉంచేది చేతులు కాదు, భయమే. అది వదిలేసిన మనిషి అంత ఎత్తున కూర్చుని నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. పిల్లల్ని గుర్తు చేయాలా, దేవుణ్ణి గుర్తు చేయాలా? అవి ఆయనకు తెలియనివి కావు. నీతులు చెప్పే హక్కు నాకు లేదు. మా అన్న సంగతి చెప్పాను. పుస్తకాలు తిరిగిచ్చిన సంగతి, గుండెపోటు సంగతి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎవ్వలు అడగలేదా మీ అన్నను?" అన్నాడు.

"ఎవరికీ తెల్వదు అడగాలని."

"మస్తు గోస పడ్డడు కావచ్చు."

"పడ్డడు. నువ్వూ పడుతున్నవ్. దీనికి మందులున్నయి, డాక్టర్లున్నరు. అప్పుడు మాకు తెల్వదు. ఇప్పుడు తెలుసు. నేను వస్త నీతోని."

 కిందికి చూసి ఉంటాడు. ఎందుకంటే ఊపిరి మారింది. పొట్టిగా, గబగబా.

"అన్నా."

"ఊఁ."

"అన్నా, భయమైతాంది."

నా జీవితంలో విన్న మంచి మాటల్లో అది ఒకటి.

"కానియ్యి. భయం కానియ్యి తమ్మీ. బెల్టు ఉందా?"

"ఉంది. పెట్టుకోలే."

"పెట్టుకో. ఫోన్ జేబులెయ్యి. కట్ చెయ్యకు. నేను వింట. తీగల కరెంటు లేదు, రెండు దిక్కుల తాళం ఉన్నది. నీకు నా మాట."

ఫోన్ జేబులో రాసుకుంటున్న చప్పుడు. ఇనుము మీద ఇనుము. తర్వాత బెల్టు కొక్కెం పడిన శబ్దం. టక్ అని. కుర్చీలో కూలబడ్డాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. భయం మాత్రం పోలేదు, రకం మారింది. ఇప్పుడు ఆయనకు బతకాలని ఉంది, అంత ఎత్తు నుంచి దిగాలి. జారితే?

తర్వాత దూరంగా బండి శబ్దం. ఆ గొంతు.

"ఏందిర! నన్ను ఇన్సులేటర్‌కు తోలి నువ్వు మీదికెక్కి హవా తింటున్నవా? కదలకు! కదిలితె సంపుత నిన్ను!"

అరుస్తూనే ఏడుస్తున్నాడు. ఆ లావు మనిషి అంత తొందరగా ఎక్కగలడని ఎవరూ అనుకోరు. పైకి చేరాక ఆయాసంతో చాలాసేపు మాట రాలేదు. తర్వాత అన్నాడు, "నీ ప్లయర్ నాకొద్దురా. తీస్కో నీది నువ్వే." ఇంకా ఏవో బూతులు. అవి రాయను. అంత ప్రేమగా ఎవరూ ఎవర్నీ తిట్టగా నేను వినలేదు.

దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక కాలు, ఆగడం, ఇంకో కాలు. "నా భుజం మీద పెట్టు. పెట్టు, ఇరగదు." నేల మీదికి వచ్చాక జోడీ ఫోన్ తీసుకొని, "అన్నా, దిగిండు. ఒట్టు, దిగిండు. నేను పట్టుకొని ఉన్న" అన్నాడు.

అయినా నేను కరెంటు ఇవ్వలేదు. ఇద్దర్నీ సబ్‌స్టేషన్‌కు రమ్మన్నాను. ఆయన లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. సంతకం పెట్టాడు. ఆయన్ని కళ్లారా చూసి, ఒకసారి భుజం తాకి చూసి, అప్పుడు తాళం తీశాను. అటు అమ్మాయికి చెప్పాను. ఆమె "దేవుడా" అని ఫోన్ పెట్టేసింది.

ఏఈ కోపంగా జీపు దిగాడు. లోపలికి వచ్చి ముగ్గురి ముఖాలూ చూశాడు. కోపం సగంలో ఆగింది. బయటికి తీసుకెళ్లి చెప్పాను.  "నేనే కదా సార్ పోల్ ఇచ్చింది. అటు నుంచి ఇప్పిస్తానన్నదీ నేనే" అన్నాడు. ఓదార్చడానికి అప్పుడు టైము లేదు. "జీపు తీయండి" అన్నాను. ఆయన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. జోడీ పక్కనే కూర్చున్నాడు. నా డ్యూటీ ఇంకొకరికి అప్పగించి నేనూ వెళ్లాను.

ఆస్పత్రి వరండాలో ఆయన భార్య నన్ను పట్టుకుంది. "అన్నా, ఎవ్వలకు చెప్పకున్రి. కాలు జారింది అని చెప్పున్రి."

మా అమ్మ గుర్తొచ్చింది. ఊరంతటికీ చెప్పక్కర్లేదు అన్నాను. డాక్టరుకు మాత్రం అంతా చెప్పాలి, ఇంట్లో ఆయన పక్కన ఉండేవాళ్లకు తెలియాలి, మీ పాస్టర్‌గారికి కూడా చెబితే మంచిది. ఆమె చాలాసేపు ఏడ్చి సరేనంది. పాస్టర్ పెద్దాయన వచ్చి, ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ ఆయనతో, "మాత్రలు మానొద్దు బిడ్డా, ప్రార్థన నేను చేస్త, మాత్రలు నువ్వేసుకో" అన్నారు. ఆ మాటకు ఆయన మొదటిసారి కొంచెం నవ్వాడు.

ఇంతటితో కథ సుఖాంతం అని రాస్తే అబద్ధమవుతుంది. మాత్రలు పనిచేయడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి మానేశాడు, మళ్లీ కుంగాడు, మళ్లీ వెళ్లాం. డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడటం మొదట్లో ఆయనకు సిగ్గు. ఏఈ ఆయన్ని స్తంభాల పని నుంచి తప్పించి సబ్‌స్టేషన్‌కు మార్పించాడు. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు మారుస్తున్నాడో, ఎంతకాలమో చెప్పి, నీకు ఇష్టమేనా అని అడిగాడు. నా పక్క షిఫ్టులో ఆపరేటర్‌గా కూర్చున్నాడు. ఎల్‌సీ ఇచ్చేవాడు, తీసుకునేవాడు. తిరిగి ఇచ్చేవాళ్లను మామూలు ప్రశ్నలన్నీ అడిగాక, "తమ్మీ, నువ్వెట్లున్నవ్?" అని ఒక ప్రశ్న అదనంగా అడిగేవాడు. మొదట్లో వాళ్లు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఒకరిద్దరు షిఫ్టు అయ్యాక వచ్చి ఆయన దగ్గర కూర్చోవడం చూశాను. ఏం మాట్లాడుకునేవాళ్లో అడగలేదు.

చావాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మీలో చాలామంది భయపడతారు. నేనూ పడ్డాను. డాక్టరును అడిగాను. అడగడం వల్ల ఎవరూ చావరు, అడగకపోతేనే ఒంటరిగా మిగిలిపోతారు అన్నాడు. మాటలు వెతుక్కోకండి. ఉన్న మాటతోనే అడగండి. అడిగాక అక్కడే ఉండండి. ఒక్కళ్లే మోయకండి, ఇంకొకరిని పిలవండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ రోజు ఒక చెయ్యి నాది, ఒకటి ముఖం కూడా చూడని ఆ అమ్మాయిది, ఒకటి ఆ లావు మనిషిది.

భయం నాకు ఇప్పటికీ ఉంది. రిటైరై ఇంట్లో పుస్తకాలు చదువుకుంటున్నా, ఆయన నంబరు నుంచి ఫోన్ వస్తే గుండె ఒక్కసారి జారుతుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం వచ్చింది.

"అన్నా, ఇయ్యాల మంచిగ లేదు."

"ఎట్ల మంచిగ లేదు? గా ఆలోచన వస్తున్నదా?"

"వచ్చింది పొద్దుగాల. పోయింది. మల్ల వస్తదని భయం."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఆమె ఉంది. ఆమెకు చెప్పిన. ఆమెనే నీకు చెయ్యమన్నది."

ఆటో పట్టుకొని వెళ్లాను. అప్పటికే జోడీ వచ్చి గుమ్మంలో కూర్చుని, ఎవరి కూతురి పెళ్లిలోనో బిర్యానీలో ముక్కలు రాలేదని గంట నుంచి చెబుతున్నాడట. ఆయన గోడకు ఒరిగి వింటున్నాడు. నేనూ కూర్చున్నాను. చీకటి పడేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం. పొద్దున ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరు చాలాసేపు మాట్లాడి, మందు మార్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, "రేపు ఫోన్ చెయ్యాల్నా?"

"నువ్వు చెయ్యకు అన్నా. నేనే చేస్త."

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తెల్లవారాక ఫోన్ పక్కన పెట్టుకొని కూర్చున్నాను. పేపరు తిరగేశాను కానీ ఒక్క వార్తా ఎక్కలేదు. మోగింది. భయపడుతూనే ఎత్తాను.

ఆయనే.